తహసీల్దారుకు పంపిన అర్జీ: పోలీసు దౌర్జన్యంపై ఫిర్యాదులు – చట్టసభల ఉదాసీనత (1854–2019)

వ్యాస సంగ్రహం

పోలీసుల చేతిలో దెబ్బలు తిన్న సామాన్యుడు తాను ఎన్నుకున్న ప్రతినిధికి మొరపెట్టుకుంటే ఆ మొర చాలాసార్లు సభ దాకా చేరదు. దీనికి కారణాన్ని ప్రతినిధుల వ్యక్తిగత స్వభావంలో వెతకడం పరిపాటి. ఫిర్యాదు అందుకొనే అధికారమూ, ఫిర్యాదుకు గురైన సిబ్బందిపై అజమాయిషీ చేసే అధికారమూ ఒకే చోట ఉండటమే మూలకారణమని ఈ వ్యాసం వాదిస్తుంది. 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ కమిషన్ నివేదికను ఆధారంగా చేసుకొని, ఆనాడు గుర్తించిన లోపం ఎన్నికల ప్రజాస్వామ్యంలోకి ఏ రూపంలో ప్రవేశించిందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: మద్రాసు చిత్రహింసల కమిషన్, గాజుల లక్ష్మీనరసు చెట్టి, పోలీసు చట్టం, జాతీయ పోలీసు కమిషన్, పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ, చిత్రహింసల నిరోధక బిల్లు.

ఓటు లేని ఫిర్యాదుదారులు

1854 జులైలో బ్రిటిష్ కామన్స్ సభలో మద్రాసు రాజధానిలోని భూమిశిస్తు విధానంపై చర్చ జరిగింది. బ్లాకెట్ అనే సభ్యుడు ప్రవేశపెట్టిన తీర్మానం మీద మాట్లాడుతూ, పూల్ నియోజకవర్గ సభ్యుడు డాన్బీ సీమర్ మద్రాసులో శిస్తు వసూలు కోసం రైతులను చిత్రహింసలు పెడుతున్నారని ఆరోపించాడు. సభలో కొందరు ఆశ్చర్యపోయారు, కొందరు కోపగించుకొన్నారు. భారతదేశ వ్యవహారాలు తెలిసినవారిగా పేరున్న సభ్యులు అటువంటిదేమీ తమ ఎరుకలో లేదన్నారు. అయినా ఆరోపణ సభా కార్యక్రమాల్లో నమోదైపోయింది. దానిని విచారించక తప్పని పరిస్థితి ఏర్పడింది.

సీమర్ ఈ మాటను గాలిలోంచి తీసుకోలేదు. దాని వెనుక ఒక తెలుగు వర్తకుడి రెండేళ్ల శ్రమ ఉంది. మద్రాసులో నీలిమందు, బట్టల వ్యాపారం చేసిన కుటుంబానికి చెందిన గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో ‘క్రెసెంట్’ పత్రికను ప్రారంభించాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. కంపెనీ సనదు పునరుద్ధరణ చర్చకు రానున్న తరుణంలో ఆ సంఘం పార్లమెంటుకు పంపిన అర్జీలో శిస్తు భారం, న్యాయస్థానాల జాప్యంతో పాటు వసూళ్లలో జరుగుతున్న హింస కూడా ఉంది. 1853లో సీమర్ మద్రాసు వచ్చినప్పుడు లక్ష్మీనరసు చెట్టి ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలకు తీసుకువెళ్లాడు. కాగితం మీది అర్జీ కదిలించలేని సభ్యుడిని కళ్లెదుటి మనుషులు కదిలిస్తారని ఆయన లెక్క వేసి ఉండాలి. ఆ లెక్క తప్పలేదు.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. కడప, బళ్లారి, నెల్లూరు రైతుకు సీమర్ ప్రతినిధి కాడు. ఆ రైతుకు ఓటు లేదు. సీమర్ నోరు విప్పినందువల్ల పూల్‌లో ఒక్క ఓటు పెరిగేది కాదు, విప్పకపోతే ఒక్క ఓటు తగ్గేదీ కాదు. మద్రాసు తహసీల్దారుపై అతనికి అజమాయిషీ లేదు, ఆ తహసీల్దారు వసూలు చేసిన శిస్తుతో అతని పదవి ముడిపడి లేదు. ప్రాతినిధ్య సిద్ధాంతం దృష్ట్యా ఇది లోపమే. కానీ అతడు మాట్లాడగలగడానికి ఈ లోపమే వీలు కల్పించింది. తరువాతి కాలంలో సక్రమంగా ఎన్నికైన ప్రతినిధులు ఎందుకు మౌనం వహించారో తెలుసుకోవడానికి ఈ వైచిత్రిని గుర్తుంచుకోవలసి ఉంటుంది.

1,959 మంది

మద్రాసు ప్రభుత్వం ఇ. ఎఫ్. ఎలియట్, హెచ్. స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురు సభ్యులతో కమిషన్‌ను నియమించింది. ఎలియట్ మద్రాసు నగర ప్రధాన మేజిస్ట్రేటు, స్టోక్స్ సివిల్ ఉద్యోగి, నార్టన్ బారిస్టరు. జిల్లాలు తిరిగి విచారించే వెసులుబాటు వారికి లేదు. ఫిర్యాదుదారులే మద్రాసుకు రావాలి, లేదా ఉత్తరం రాయాలి. మొత్తం 1,959 మంది ఫిర్యాదు చేశారు. వారిలో 519 మంది స్వయంగా హాజరయ్యారు, 1,440 మంది లేఖలు పంపారు. రైలు మార్గం ఇంకా లేని ఆ కాలంలో కొందరు వందల మైళ్లు ప్రయాణించి వచ్చారు. తమ ఊళ్లో, తమ తాలూకాలో వినేవాడు లేడన్న సంగతికి ఆ నడకే సాక్ష్యం.

1855 ఏప్రిల్‌లో వెలువడిన నివేదిక చిత్రహింస ఉందని నిర్ద్వంద్వంగా అంగీకరించింది. శిస్తు వసూలు కోసమూ, నేరం ఒప్పించడం కోసమూ హింస ప్రయోగిస్తున్నారని, మొదటిది క్రమంగా తగ్గుతున్నదని చెప్పింది. వేళ్లను చెక్కల మధ్య నొక్కే ‘కిట్టి’, మనిషిని వంచి కట్టిపడేసే ‘అనందాల్’ అనేవి తరచుగా కనిపించే పద్ధతులని పేర్కొంది. తెలుగు జిల్లాల్లో మొదటిదానిని ‘చీరాట’ అని, రెండవదానిని ‘గింగెరి’ అని పిలుస్తారని ఆంగ్ల లిపిలో రాసిన రూపాలను బట్టి తెలుస్తుంది. ఒక బాధకు జనవ్యవహారంలో పేరంటూ ఏర్పడాలంటే అది ఒకరిద్దరికి జరిగినదై ఉండదు. ఎండలో నిలబెట్టడం, అన్నానికి వెళ్లనివ్వకపోవడం, చెవులు మెలిపెట్టడం వంటివి ఇంకా మామూలుగా జరిగేవి.

అయితే ఈ నివేదికలోని అతి విలువైన భాగం హింసా పద్ధతుల జాబితా కాదు. పాశ్చాత్య పాఠకులను ఆకర్షించింది ఆ జాబితాయే కావచ్చు. కమిషనర్లను ఎక్కువగా కలవరపరచినది మాత్రం బాధితుడికి న్యాయం దొరకడంలోని కష్టం. దెబ్బలు తిన్న రైతు కలెక్టరు కచేరీకి వెళ్లాలంటే దూరం, ఖర్చు, పనిదినాల నష్టం. టపాలో అర్జీ పంపితే అది మామూలు ఎండార్సుమెంటుతో తిరిగి వస్తుంది: తహసీల్దారుకు పంపడమైనది. ఆ తహసీల్దారే స్వయంగానో, తన కింది బంట్రోతుల ద్వారానో రైతును కొట్టించినవాడు. అన్ని అడ్డంకులూ దాటి కలెక్టరు ముందు నేరం రుజువైనా, మేజిస్ట్రేటుగా ఆయన వేయగలిగిన శిక్ష 50 రూపాయల జరిమానా లేదా నెల రోజుల ఖైదు. 1857 సెప్టెంబరులో ‘న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్’లో ఈ నివేదికపై వ్యాసం రాసిన కార్ల్ మార్క్స్ దృష్టి కూడా ప్రధానంగా ఈ భాగం మీదనే నిలవడం యాదృచ్ఛికం కాదు.

నివేదికకు తన పరిమితులున్నాయి. నేరమంతా దేశీయ ఉద్యోగులదేనని, ఐరోపా అధికారులపై ప్రజలకు నమ్మకమే ఉందని అది తేల్చింది. శిస్తు మొత్తాన్ని నిర్ణయించినదెవరు, వసూలు కాకపోతే తహసీల్దారును మందలించేదెవరు అన్న ప్రశ్నలను పక్కన పెట్టింది. వసూలైన సొమ్ము ఖజానాకు చేరుతున్నంత కాలం ఎలా వసూలైందని అడగని అధికారి ఆ హింసలో భాగస్వామి కాడనడం చరిత్రకారుడు అంగీకరించదగిన వాదన కాదు. అర్జీని తహసీల్దారుకు పంపుతూ సంతకం చేసిన చేయి కలెక్టరుదే.

చట్టంలోని ఒక పదం

కమిషన్ నివేదిక ఫలితంగా మద్రాసులో రెవెన్యూ, పోలీసు శాఖలను విడదీసే ప్రయత్నం జరిగింది. 1859 నాటి 24వ చట్టం మద్రాసు జిల్లాల పోలీసు వ్యవస్థను రూపొందించింది. విలియం రాబిన్సన్ నాయకత్వంలో కొత్త దళం ఏర్పడింది. ఆ మాదిరినే తీసుకొని 1861 పోలీసు చట్టం దేశంలోని ఇతర ప్రాంతాలకు వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో 1859 చట్టం, తెలంగాణలో నిజాం కాలపు 1329 ఫసలీ జిల్లా పోలీసు చట్టం, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా పేర్లు మార్చుకొని కొనసాగాయి. చిత్రహింసల కమిషన్‌కు పుట్టిన బిడ్డ తెలుగువారి ఠాణాల్లో వందేళ్లకు పైగా బతికిందన్నమాట.

1861 చట్టం 3వ సెక్షన్ పోలీసు దళంపై ‘పర్యవేక్షణ’ ప్రభుత్వానిదని చెబుతుంది. 4వ సెక్షన్ జిల్లా పోలీసు అధికారిని జిల్లా మేజిస్ట్రేటు సాధారణ నియంత్రణలో ఉంచింది. ఆ మేజిస్ట్రేటు కలెక్టరే. అంటే తాలూకా స్థాయిలో విడదీసిన ముడిని జిల్లా స్థాయిలో మళ్లీ వేశారు. కస్టడీలోని వ్యక్తిపై అకారణ దౌర్జన్యం చేసిన పోలీసుకు 29వ సెక్షన్ మూడు నెలల జీతానికి మించని జరిమానా, లేదా మూడు నెలల వరకు ఖైదు విధించింది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టం చెప్పింది. పోలీసును నమ్మలేమని న్యాయశాస్త్రం అంగీకరించిందే గాని, నమ్మదగినట్టు చేయవలసిన బాధ్యత ఎవరిదో చెప్పలేదు. 1902–03 నాటి ఫ్రేజర్ కమిషన్ పోలీసు వ్యవస్థను అవినీతిమయమని, పీడించేదని తీర్పు చెప్పినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఎన్నికైనవారి చేతికి

1919 సంస్కరణల కింద ఏర్పడిన మద్రాసు శాసనమండలిలో ఆస్తి అర్హత గల ఓటర్లు ఎన్నుకున్న సభ్యులు మొదటిసారి ఎక్కువ సంఖ్యలో ప్రవేశించారు. పానగల్ రాజా వంటి తెలుగు నాయకులు మంత్రిపదవులు చేపట్టారు. కానీ ద్వంద్వ ప్రభుత్వంలో పోలీసు శాఖ ‘రిజర్వుడు’ అంశం. మంత్రులకు విద్య, ఆరోగ్యం, స్థానిక పాలన వచ్చాయి. లాఠీ గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడి దగ్గరే ఉండిపోయింది. సభ్యులు పోలీసు జులుంపై ప్రశ్నలు వేయవచ్చు, జవాబు చెప్పవలసినవాడు మాత్రం వారి ఓటుతో కూలిపోయేవాడు కాదు. ఆ దశలో ప్రతినిధి నిస్సహాయుడనడం న్యాయం.

1937 తరువాత ఆ సాకు మిగలలేదు. రాష్ట్ర స్వపరిపాలనతో పోలీసు శాఖ ఎన్నికైన మంత్రివర్గం కిందికి వచ్చింది. శాసనోల్లంఘన ఉద్యమ కాలంలో లాఠీ దెబ్బలు తిన్నవారే అధికారంలోకి వచ్చారు. అయినా 1938లో హిందీ వ్యతిరేక ఆందోళన తలెత్తినప్పుడు, ఏ క్రిమినల్ లా సవరణ చట్టాన్ని నిరంకుశమని కాంగ్రెస్ దుయ్యబట్టిందో ఆ చట్టాన్నే రాజాజీ మంత్రివర్గం ప్రయోగించింది. దీనిని కేవలం ద్వంద్వ నీతిగా కొట్టిపారేస్తే విషయం సగమే బోధపడుతుంది. ‘పర్యవేక్షణ’ అనే పదం అక్కడే ఉంది, పర్యవేక్షకుడు మారాడు. కలెక్టరు కుర్చీలో కూర్చున్నవాడికి కలెక్టరు చూపే వస్తుంది.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం పోలీసును రాష్ట్రాల జాబితాలో చేర్చింది. దాంతో ఈ ఏర్పాటు స్థిరపడింది. శాసనసభ్యుడి స్థానం ఇందులో చిత్రమైనది. అధికార పక్ష సభ్యుడికి ఠాణా తన నియోజకవర్గంలో తన మాట చెల్లే చోటు. సబ్ ఇన్‌స్పెక్టరు బదిలీలో అతని సిఫారసు పనిచేస్తుంది. అందుకు బదులుగా ఠాణా అతని మాట వింటుంది. ఇటువంటి సంబంధంలో దెబ్బలు తిన్న ఓటరు వస్తే ప్రతినిధి ఏం చేస్తాడు? చాలాసార్లు ఏదో ఒకటి చేస్తాడు. ఫోను చేస్తాడు, మనిషిని విడిపించుకు వస్తాడు. ఈ మేలు నిజమైనదే, తక్కువ చేసి చూడరాదు. కానీ ఆ ఫోనుతో ఫిర్యాదు అంతరిస్తుంది. హక్కుగా నమోదు కావలసినది ఉపకారంగా ముగుస్తుంది. కొట్టినవాడిపై విచారణ ఉండదు, సభలో ప్రశ్న ఉండదు, రికార్డు ఉండదు. ప్రతినిధి గడప తొక్కే దారి తెలిసినవాడు బయటపడతాడు. ఆ దారి తెలియని దళితుడో, వలస కూలీయో, అవతలి పార్టీకి ఓటేశాడన్న పేరు పడినవాడో లోపలే ఉంటాడు. ఉపేక్ష అనగానే మూసిన తలుపు మనసులో మెదులుతుంది గాని, తెలుగు నేల మీద అది తెరిచిన తలుపు రూపంలోనే ఎక్కువగా పనిచేసింది.

నల్లకుంట, రాయచూరు

1978 మార్చి చివరలో హైదరాబాద్ నల్లకుంట ఠాణాలో ఒక పేద ముస్లిం మహిళపై పోలీసులు అత్యాచారం చేశారని, ఆమె భర్తను కొట్టి చంపారని ఆరోపణ వచ్చింది. బాధితురాలి పేరు అప్పటి పత్రికల్లోనూ, తరువాతి స్త్రీవాద రచనల్లోనూ విరివిగా కనిపిస్తుంది. ఇక్కడ ఆ పేరు అవసరం లేదు. ప్రజలు వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ విధించారు. ఆ నెలలోనే అధికారం చేపట్టిన మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్‌తో విచారణ కమిషన్ నియమించింది.

క్రమాన్ని గమనించాలి. ఒక స్త్రీ ఫిర్యాదు చేసినందువల్ల కమిషన్ రాలేదు. నగరం అట్టుడికినందువల్ల వచ్చింది. విచారణలో పోలీసుల తరఫు వాదన ఆమె శీలాన్ని ప్రశ్నించడంపై ఆధారపడింది. అయినా కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరు న్యాయస్థానానికి బదిలీ అయింది. 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు.

విచారణ కమిషన్ల చట్టం ప్రకారం కమిషన్ నిర్ధారణలు న్యాయస్థానాన్ని బంధించవు. అది సహేతుకమే. అయితే అదే చట్టం నివేదికను, దానిపై తీసుకున్న చర్యల వివరణతో సహా, ఆరు నెలల్లోగా శాసనసభ ముందుంచాలంటుంది. కోర్టు చేయలేనిది సభ చేయడానికే ఆ నిబంధన. ఫలానా పోలీసుకు శిక్ష పడాలా వద్దా అన్నది కోర్టు పని. ఠాణాలో రాత్రిపూట ఒక స్త్రీని ఉంచగలిగిన వ్యవస్థను ఏం చేయాలన్నది సభ పని. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి పని రాయచూరు దాకా ప్రయాణం చేసింది, రెండవది మొదలుకానే లేదు. చట్టాన్ని మార్చాలన్న ఒత్తిడి మథుర కేసుతో కలిసి మహిళా ఉద్యమం నుంచి వచ్చింది. కస్టడీలో అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించిన 1983 సవరణకు ఆ ఉద్యమమే కారణం.

సిఫారసుల గతి

అత్యవసర పరిస్థితి అనుభవంతో 1977లో ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్, ధరమ్ వీర అధ్యక్షతన 1979–81 మధ్య ఎనిమిది నివేదికలు ఇచ్చింది. 1979 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి నివేదికలోనే పోలీసులపై ఫిర్యాదులను ఎలా విచారించాలన్న విషయం ఉంది. కస్టడీ మరణం, అత్యాచారం వంటి సందర్భాల్లో తప్పనిసరి న్యాయ విచారణ జరగాలని కోరింది. రెండవ నివేదిక రాజకీయ జోక్యాన్ని చర్చించి రాష్ట్ర భద్రతా కమిషన్‌ను సూచించింది. ఎన్నికైన ప్రభుత్వాలు ఈ నివేదికలను చర్చించి తిరస్కరించలేదు, పక్కన పెట్టాయి. తిరస్కరించాలంటే కారణం చెప్పాలి కదా.

చివరకు ఇద్దరు విశ్రాంత పోలీసు అధికారులు, ప్రకాశ్ సింగ్, ఎన్. కె. సింగ్, 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2006 సెప్టెంబరు 22న వెలువడిన తీర్పు ఏడు ఆదేశాలిచ్చింది. వాటిలో ఒకటి రాష్ట్ర, జిల్లా స్థాయిలలో పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు. డి.ఎస్.పి. వరకు గల అధికారులపై ఫిర్యాదులను విశ్రాంత జిల్లా న్యాయమూర్తి, పై అధికారులపై ఫిర్యాదులను విశ్రాంత హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి విచారించాలి. సంస్థ సిఫారసు ప్రభుత్వానికి శిరోధార్యం కావాలి. 1855 నివేదిక గుర్తించిన లోపానికి సూటి సమాధానం ఇది: అర్జీ తహసీల్దారుకు వెళ్లకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రస్థాయి సంస్థ అధ్యక్ష నియామకం 2021లో హైకోర్టు ముందు సవాలుకు గురై ఆగిపోయేనాటికి తీర్పు వచ్చి పదిహేనేళ్లు కావస్తోంది. ఈ పదిహేనేళ్లలో ఉభయ రాష్ట్రాల్లోనూ అధికారంలో ఉన్నవారు ప్రతిపక్షంలోకీ, ప్రతిపక్షంలో ఉన్నవారు అధికారంలోకీ వచ్చారు. పోలీసు జులుం గురించి ప్రతిపక్షం మాట్లాడని శాసనసభ సమావేశం అరుదు. ఫిర్యాదుల సంస్థ కోసం పట్టుబట్టిన ప్రతిపక్షం అంతకన్న అరుదు. రేపు తమ చేతికి రాబోయే పరికరాన్ని మొద్దుబారేలా చేయడానికి ఎవరూ తొందరపడరు.

ఆరు నెలల గడువు

కేంద్రంలోనూ ఇదే తీరు. చిత్రహింసల వ్యతిరేక ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారతదేశం 1997 అక్టోబరులో సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. ధ్రువీకరణకు మార్గంగా రూపొందిన చిత్రహింసల నిరోధక బిల్లును లోక్‌సభ 2010 మే 6న ఆమోదించింది. ఆ బిల్లు ప్రకారం ఘటన జరిగిన ఆరు నెలల్లోగా ఫిర్యాదు రావాలి. ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి ముందుగా ఉండాలి. తన ఉద్యోగి కొట్టాడన్న ఆరోపణపై విచారణ జరగాలో వద్దో ఆ ప్రభుత్వమే నిర్ణయిస్తుందన్నమాట. ప్రజలు నేరుగా ఎన్నుకున్న సభ ఈ రెండు నిబంధనలతోనే బిల్లును దాటించింది. వాటిని ప్రశ్నించినది రాజ్యసభ. అశ్వనీ కుమార్ అధ్యక్షతన ఏర్పడిన సెలెక్ట్ కమిటీ 2010 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో గడువును రెండేళ్లకు పెంచాలని, అనుమతి మూడు నెలల్లో రాకపోతే వచ్చినట్టే భావించాలని సూచించింది. ఆ తరువాత బిల్లు కదలలేదు. 2014లో పదిహేనవ లోక్‌సభతో పాటు మురిగిపోయింది.

సభలో తన కమిటీ నివేదికకు గతి లేకపోవడంతో అశ్వనీ కుమార్ సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చట్టం చేసే సభలో కూర్చున్న వ్యక్తి చట్టం చేయించమని కోర్టును వేడుకోవడం పార్లమెంటరీ చరిత్రలో తరచుగా కనిపించే దృశ్యం కాదు. ఈలోగా లా కమిషన్ 2017 అక్టోబరులో తన 273వ నివేదికతో కొత్త బిల్లు ముసాయిదాను సమర్పించింది. చట్టం చేయమని పార్లమెంటును ఆదేశించలేమంటూ సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరు 5న ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసింది. లా కమిషన్ ముసాయిదా విషయంలో కేంద్ర ప్రభుత్వం చెప్పిన మాట, పోలీసు రాష్ట్రాల అంశం కనుక దానిని అభిప్రాయం కోసం రాష్ట్ర ప్రభుత్వాలకు పంపామన్నది.